కొత్త ఓటీ (ఆపరేషన్ థియేటర్ల) కాంప్లెక్స్: స్లాబ్ పోయకముందే థియేటర్ స్టాఫ్‌ని ఏం అడగాలి, ఎలా అడగాలి? (విజయవాడ, 4 థియేటర్లు)

#1 బెజవాడ_ప్రాజెక్ట్

అందరికీ నమస్కారమండీ. విజయవాడలో 100 పడకల ఆసుపత్రి కడుతున్నాం. మూడో అంతస్తులో 4 థియేటర్లు వస్తాయి. ఒకటి కీళ్ళ మార్పిడికి, రెండు జనరల్, లాప్రోస్కోపీ కేసులకి, ఒకటి సిజేరియన్లకి, గైనిక్ కేసులకి. మూడో అంతస్తు కాలమ్స్ లేచాయి. వాటి మీద స్లాబ్‌కి సెంటరింగ్ ఇంకా మొదలవలేదు. ప్లాన్ ఇద్దరు సీనియర్ సర్జన్లు చూసి సరే అన్నారు. మాడ్యులర్ ఓటీ (రెడీమేడ్ ప్యానెళ్ళతో థియేటర్ బిగించే) కంపెనీ త్రీడీ బొమ్మలు కూడా ఇచ్చింది.

యాజమాన్యం అడుగుతున్నది ఇది: సిస్టర్లు, టెక్నీషియన్లు, థియేటర్ బాయ్‌లు, శుభ్రం చేసే ఆయమ్మలు కూడా ప్లాన్ చూడాలా? చూస్తే ఏ విషయంలో వాళ్ళ మాట తీసుకోవాలి? ఎవరికి తోచింది వాళ్ళు చెబితే పని ఆగిపోతుందేమోనని భయం. అనుభవమున్నవాళ్ళు వివరంగా చెప్పగలరు.

#2 థియేటర్_ఇన్‌ఛార్జ్_గుంటూరు

సర్, వాళ్ళు చూడకుండా స్లాబ్ పోయకండి. సర్జన్ గారికి టేబుల్ చుట్టూ మూడడుగులు బాగుంటే చాలు, మిగతా గదితో ఆయనకి పెద్దగా పని పడదు. కేసు నడిచినంతసేపూ ఆ గదిలో తిరిగేది ఫ్లోర్ సిస్టర్ (బయటి సామాను తెచ్చి అందించే సిస్టర్). ఆవిడ నడిచే దారి మీ డ్రాయింగులో ఎక్కడా ఉండదు.

ప్లాన్ తీసి ఒకసారి ఇవి వెతకండి. స్క్రబ్ సిస్టర్ (సర్జన్ పక్కనే నిలబడి పనిముట్లు అందించే సిస్టర్) ఇన్‌స్ట్రుమెంట్ ట్రాలీ, మేయో ట్రాలీ (టేబుల్ మీదికి జరిపే చిన్న ట్రాలీ), కాటరీ (కరెంటుతో కోసి రక్తం ఆపే మెషీన్), సక్షన్, లాప్రోస్కోపీ టవర్ (కెమెరా, స్క్రీన్ ఉండే స్టాండు), మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు) లెక్కపెట్టే స్టాండు, తెల్లబోర్డు, కంప్యూటర్ బల్ల, సర్జన్ ఎక్కి నిలబడే స్టెప్ స్టూళ్ళు. తర్వాత చెత్త డబ్బాలు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, నీలం, సూదులకి తెల్ల డబ్బా, మొత్తం 4 రంగులు. మామూలు చెత్తకి ఇంకోటి. ఒక్కోటి అడుగున్నర చోటు తింటుంది. త్రీడీ బొమ్మలో ఒక్క డబ్బా కూడా ఉండదు, అందుకే గది విశాలంగా కనిపిస్తుంది.

ఇవన్నీ పెట్టాక సిస్టర్ గారు తలుపు దగ్గర నుంచి స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) ట్రాలీకి తగలకుండా మత్తు డాక్టర్ గారి వైపు వెళ్ళగలదా అని చూడండి. స్టెరైల్ ట్రాలీకి, ఆవిడ దారికి మధ్య కనీసం అడుగు ఎడం ఉండాలి. ఆ ఎడం లేని గదిలో ఎవరో ఒకరి గౌను ట్రాలీకి తగులుతూనే ఉంటుంది. అప్పుడు సెట్టు మొత్తం మార్చాలి.

ఇంకొకటి, కంప్యూటర్ బల్ల. గోడకి ఆనించి పెడతారు. ఎంట్రీ చేస్తున్నంతసేపూ సిస్టర్ వీపు టేబుల్ వైపు ఉంటుంది. సర్జన్ అడిగింది వినబడదు, స్క్రబ్ సిస్టర్ చేసే సైగ కనబడదు. మానిటర్ చేయి తిరిగేలా పెట్టించండి, లేదా బల్లని మూలకి ఏటవాలుగా వేయించండి. ఖర్చు ఏమీ లేదు, ముందే చెప్పాలంతే. ఎందుకంటే డేటా పాయింటు, ప్లగ్గు అక్కడికే రావాలి.

#3 మత్తు_డాక్టర్

సిస్టర్ గారు చెప్పినవాటికి తల వైపు సంగతి కలుపుతాను. చాలా ప్లాన్లలో టేబుల్‌ని గది నడిమధ్యలో గీసి, తల ఎటో రాయరు. రాయకపోతే గ్యాస్ అవుట్‌లెట్లు, పెండెంట్ (గ్యాస్, కరెంటు పాయింట్లతో సీలింగ్ నుంచి వేలాడే చేయి), తలుపు అన్నీ అంచనా మీద పడతాయి.

తల వెనక నిలబడి ఇంట్యుబేట్ చేసేవాళ్ళకి (గొంతులోకి శ్వాస గొట్టం వేసేవాళ్ళకి), పక్కన సహాయం చేసే టెక్నీషియన్‌కి, బాయిల్స్ మెషీన్‌కి (మత్తు గ్యాస్ ఇచ్చే మెషీన్), మందుల ట్రాలీకి, కష్టమైన ఎయిర్‌వే (శ్వాస దారి) కేసు వస్తే ఆ ట్రాలీకి కలిపి తల వెనక 6 అడుగుల ఖాళీ ఉండాలి. అక్కడ నుంచి తలుపు కనిపించాలి, కానీ తలుపు అక్కడికి తెరుచుకోకూడదు. పేషెంటుని తెచ్చే స్ట్రెచర్ కాళ్ళ వైపు నుంచి లోపలికి వచ్చి టేబుల్ పక్కకి చేరాలి.

పెండెంట్ మీద అవుట్‌లెట్లు: ఆక్సిజన్ 2, మెడికల్ ఎయిర్ 1 లేదా 2, నైట్రస్ 1, వాక్యూమ్ 2, వాడేసిన మత్తు గ్యాస్ బయటకి పంపే లైను 1. సర్జన్ వైపు సక్షన్ ఇందులోంచి కాదు, దానికి వేరే వాక్యూమ్ 2 ఇవ్వండి. వాక్యూమ్ ఒక్కటే పెట్టి రెండు వైపులా పంచుకోమంటే, వాంతి అయిన క్షణంలో నా చేతిలో సక్షన్ ఉండదు. పెండెంట్ పాడైతే వాడుకోవడానికి గోడ మీద ఇంకో సెట్ ఉండాలి.

లాప్రోస్కోపీ గదుల్లో లైట్లు తీసేస్తారు. అప్పుడు నాకు పేషెంటు రంగు, డ్రిప్పు, ఆంపూల్ మీద పేరు కనిపించాలి. తల వైపు మాత్రం వేరే స్విచ్‌తో తగ్గించి పెంచుకునే లైటు కావాలి. దీన్ని వైరింగ్ డ్రాయింగులోనే రాయించుకోండి. తర్వాత ఫాల్స్ సీలింగ్ కోసి పెట్టడం కుదరదు, గాలి లీకవుతుంది.

#4 ఏసీ_ఇంజనీర్_ఆటోనగర్

స్టాఫ్ మాటకీ ఏసీకీ ఏం సంబంధం అనుకుంటారు. చాలా ఉంది. లెక్క చూపిస్తాను.

ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) మార్గదర్శకాల్లో ప్రామాణిక గది 20 అడుగులు బై 20 అడుగులు, ఫాల్స్ సీలింగ్ కింద 10 అడుగుల ఎత్తు. అంటే 4000 ఘనపుటడుగులు. గంటకి కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో 4 సార్లు బయటి తాజా గాలి. 4000 ని 20తో హెచ్చవేసి 60తో భాగిస్తే సుమారు 1333 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), తాజా గాలి 267 సీఎఫ్‌ఎం. టేబుల్ మీద 8 బై 6 అడుగుల ప్లీనం (సీలింగ్‌లోంచి గాలి దించే పెట్టె) పెడితే 48 చదరపుటడుగులు, గాలి వేగం నిమిషానికి 28 అడుగుల దాకా వస్తుంది. ఉండాల్సింది 25 నుంచి 35 మధ్య. లెక్క సరిపోయింది.

ఇప్పుడు వేడి సంగతి. గది 18 డిగ్రీలు, వచ్చే గాలి 12 డిగ్రీలు అనుకుంటే ఆ 1333 సీఎఫ్‌ఎం తీయగలిగేది దాదాపు 4.6 కిలోవాట్ల వేడి మాత్రమే. లోపల 8 మంది ఉంటే వాళ్ళ ఒంటి వేడే ముప్పావు కిలోవాట్. లైట్లు, కాటరీ, టవర్, వార్మర్, బాయిల్స్ మెషీన్, మానిటర్లు కలిపితే ఆ 4.6 దాటిపోవచ్చు. ఏ గదిలో ఒకేసారి ఏమేం నడుస్తాయో చెప్పగలిగేది బయోమెడికల్ వాళ్ళు, టెక్నీషియన్లు. ఆ జాబితా నాకు రాకపోతే కనీస గాలికే డిజైన్ చేస్తాను. కీళ్ళ మార్పిడి గదిలో సర్జన్ గారు చెమటలు పట్టి 'ఏసీ పనిచెయ్యట్లేదు' అంటారు. గాలి పెంచాలంటే అప్పటికి డక్టు సైజు బిగిసిపోయి ఉంటుంది.

మన బెజవాడ గాలిలో తేమ ఇంకో సమస్య. 18 డిగ్రీల దగ్గర తేమ 55 శాతం ఉండాలంటే డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) దాదాపు 9 డిగ్రీలు. మామూలుగా చిల్లర్ ఇచ్చే 7 డిగ్రీల నీళ్ళతో గాలిని అంతదాకా ఆరబెట్టడం కష్టం. అందుకే కీళ్ళ గదికి తాజా గాలిని ముందే విడిగా ఆరబెట్టే ఏర్పాటు, తర్వాత కాస్త వేడిచేసే కాయిల్ అడగండి. అది లేకుండా ఉష్ణోగ్రత మాత్రం దించితే వానాకాలంలో డిఫ్యూజర్ మీద నీటి బొట్లు కట్టి టేబుల్ మీద పడతాయి.

రిటర్న్ గ్రిల్స్ (గాలిని వెనక్కి లాగే జాలీలు) నేల నుంచి సుమారు 6 అంగుళాల ఎత్తులో, గది మూలల్లో ఉంటాయి. సరిగ్గా అక్కడే స్టాఫ్ బీరువా, ఆక్సిజన్ సిలిండర్, చెత్త డబ్బా పెట్టేస్తారు. చోటు లేక పెడతారు, వాళ్ళ తప్పు కాదు. గ్రిల్ మూసుకుంటే గాలి తలుపు వైపు తిరిగి ప్రవాహం పాడవుతుంది. ఏ మూల ఏం పెడతారో సిస్టర్లని ముందే అడిగి, ఆ మూలలు వదిలి గ్రిల్స్ పెట్టుకోవాలి.

విండో, స్ప్లిట్ ఏసీలు థియేటర్లో పెట్టకూడదని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఎవరైనా 'ఇప్పటికి ఒకటి బిగిద్దాం' అంటే ఒప్పుకోకండి.

#5 గైనిక్_ఓటీ_సిస్టర్

ఇంజనీర్ గారూ, ఒక్కమాట. ఆ 18 డిగ్రీలు కీళ్ళ గదికి సరే. సిజేరియన్ గదిలో పుట్టిన బిడ్డ తడిగా ఉంటుంది. కాన్పు గది గాలి తగలకుండా 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది. సర్జన్ గారు చల్లగా కావాలంటారు, పిల్లల డాక్టర్ గారు వెచ్చగా కావాలంటారు. రెండు గదులకి ఒకే ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి పంపే యూనిట్) పెడితే ఈ గొడవ ఎప్పటికీ తెగదు. గైనిక్ గదికి ఏహెచ్‌యూ విడిగా ఉండాలి. ఉష్ణోగ్రత మార్చే ప్యానెల్ గది లోపలే, సిస్టర్ చేతికి అందేలా ఉండాలి. బిడ్డ బయటకి రావడానికి ముందే గది వెచ్చబడాలి. మార్చమని కింద ప్లాంట్ రూముకి ఫోన్ చేసి చెప్పే ఏర్పాటైతే ఆ టైములో పని జరగదు.

బిడ్డ మూల గీయించారా? రేడియంట్ వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే పరికరం), దాని పక్కన ఆక్సిజన్, ఎయిర్, సక్షన్, 4 ప్లగ్గులు, ఇద్దరు నిలబడే చోటు. గోడకి ఆనించి 5 బై 6 అడుగులు. ప్లీనం గాలి నేరుగా తగలని మూల కావాలి. తల్లి టేబుల్ దగ్గర నుంచి బిడ్డని తెచ్చే దారిలో వైర్లు అడ్డం పడకూడదు. వార్మర్‌ని తలుపు పక్కన పెడితే తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి బిడ్డ మీదే పడుతుంది.

అత్యవసర సిజేరియన్‌కి నిర్ణయం తీసుకున్న దగ్గర నుంచి బిడ్డ బయటకి వచ్చేదాకా 30 నిమిషాల లోపు అన్నది లక్ష్యం. లేబర్ రూము ఏ అంతస్తులో ఉంది సర్? లిఫ్టు కోసం నిలబడాల్సి వస్తే ఇప్పుడే ఆలోచించండి.

#6 బెజవాడ_ప్రాజెక్ట్

లేబర్ రూము రెండో అంతస్తులో ఉందండి. థియేటర్లకి ఒకే ఏహెచ్‌యూ రెండేసి గదులకి అని టెండర్‌లో ఉంది. ఈ రెండూ రాసుకున్నాను. అయితే ఇప్పటికే నలుగురి మాటల్లో 30 విషయాలు వచ్చాయి. అన్నీ ఒప్పుకుంటే గది 20 అడుగుల్లో పడుతుందా?

#7 ఆర్కిటెక్ట్_సూర్యారావుపేట

పడుతుందా లేదా అన్నది డ్రాయింగ్ చూసి చెప్పకండి. స్టాఫ్‌ని కూర్చోబెట్టి 'ఏం కావాలి' అని కూడా అడగకండి. ఏం కావాలంటే అందరూ పెద్ద గది, ఎక్కువ బీరువాలు అంటారు. 'ఏ పని చేస్తారు, అందులో ఎక్కడ ఇబ్బంది పడతారు' అని అడగండి. పని గురించి వచ్చిన మాటని కొలవచ్చు, గీయచ్చు. గోడ రంగు గురించి మీటింగ్ పెట్టే సమయం ఉంటే అది తలుపు ఏ వైపు జరగాలన్నదానికి వాడండి.

గడువులు మూడు పెట్టుకోండి. స్లాబ్‌కి ముందు తేలాల్సినవి: గదుల అమరిక, స్టెరైల్ స్టోర్ ఎక్కడ, తల ఎటు, పెండెంట్లు, లైట్లు వేలాడే చోట్లు, అంతస్తు ఎత్తు, షాఫ్టులు (పైపులు, డక్టులు నిలువుగా పోయే దారులు). ఫాల్స్ సీలింగ్, గోడ ప్యానెళ్ళకి ముందు తేలాల్సినవి: ప్లగ్గులు, గ్యాస్ పాయింట్లు, డేటా, ఇంటర్‌కామ్, బీరువాలు, గ్రిల్స్. అప్పగింతకి ముందు మిగిలేవి: లేబుళ్ళు, ట్రాలీల చోట్లు, కిటికీ బ్లైండ్లు. ఒక్కో గడువు దాటాక దానికి చెందిన మార్పు పేషెంటు భద్రతకి సంబంధించినదైతేనే తీసుకోండి.

ఒక రిజిస్టర్ పెట్టండి. అడిగిన విషయం, ఏ పని కోసం, అవునా కాదా, కాదంటే ఎందుకు, ఎవరు నిర్ణయించారు, తేదీ. 'కాదు' అన్న ప్రతిదానికీ కారణం రాసి అడిగినవాళ్ళకి చూపించండి. జవాబు రాకపోతే రెండో మీటింగుకి ఎవరూ నోరు విప్పరు. అప్పుడు మీకు వచ్చేది సంతకాలే, సమాచారం కాదు.

స్లాబ్ విషయం మళ్ళీ చెబుతున్నాను. పెండెంట్ బరువు కిందికి లాగడం ఒక్కటే కాదు, చేయి చాచినప్పుడు మెలి తిప్పే బలం కూడా పడుతుంది. కంపెనీ లోడ్ షీట్ తెప్పించి స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఇవ్వండి. కంపెనీ ఇంకా ఖరారు కాకపోతే, పరిశీలనలో ఉన్నవాటిలో ఎక్కువ లోడు ఉన్నదాన్ని పట్టుకుని లెక్క కట్టించండి. ప్లీనం అంచు బయటే పెండెంట్ రాడ్డు దిగాలి. ప్లీనం మధ్యలో లైటు రాడ్డుకి చోటు వదిలారా చూడండి.

స్లాబ్ నుంచి స్లాబ్‌కి ఎత్తు ఎంత పెట్టారు? 10 అడుగుల సీలింగ్ పైన ప్లీనం, డక్టులు, బీములు పోవాలి. 13.5 నుంచి 14 అడుగులు ఉంటే ఊపిరాడుతుంది.

#8 కొత్తపేట_నర్సింగ్‌హోమ్

మధ్యలో అడుగుతున్నాను, క్షమించాలి. గుంటూరు కొత్తపేటలో పాత భవనం. స్లాబ్ ఎత్తు 10 అడుగులే. ఒక్క థియేటర్ బాగుచేయాలి. మాలాంటివాళ్ళకి దారి ఉందా?

#9 ఏసీ_ఇంజనీర్_ఆటోనగర్

ఉంది, కానీ గదిలో కొంత వదులుకోవాలి సర్. ఏహెచ్‌యూని పక్క గదిలో నిలబెట్టి, డక్టుని కారిడార్ నుంచి గోడ పైభాగంలో తెచ్చి, తక్కువ మందం ప్లీనం పెడితే సీలింగ్ 8.5 అడుగుల దగ్గర నిలుస్తుంది. అంత ఎత్తులో డబుల్ డోమ్ లైట్లు తలకి తగులుతాయి. మీ సర్జన్ల ఎత్తు, స్టూలు ఎత్తు కలిపి లైటు చేయి ఎంతదాకా దిగుతుందో గదిలో దారం వేలాడదీసి చూసుకున్నాకే లైటు కొనండి. పై అంతస్తు కూడా మీ సొంతమై, స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకుంటే వేరే మాట. బీముని మాత్రం ఎవరినీ పగలగొట్టనివ్వకండి.

#10 థియేటర్_ఇన్‌ఛార్జ్_గుంటూరు

ప్రాజెక్ట్ సర్ అడిగిన '20 అడుగుల్లో పడుతుందా' అన్నదానికి జవాబు మాకప్. అసలు సైజులో నేల మీద వేసి, నిజమైన సామానుతో కేసు నడిపి చూడటం. అమెరికాలో క్లెమ్సన్ యూనివర్సిటీ వాళ్ళు సౌత్ కరోలినా మెడికల్ యూనివర్సిటీతో కలిసి ఓటీ డిజైన్ మీద చేసిన పరిశోధనలో కూడా ఇదే దారి: ముందు జరుగుతున్న సర్జరీల వీడియోలు చూసి అడ్డంకులు లెక్కపెట్టడం, తర్వాత మాకప్‌లో స్టాఫ్‌తో ఉత్తుత్తి కేసు చేయించడం. అంత పెద్ద ల్యాబు మనకి అక్కర్లేదు. సెల్లార్ చాలు.

నేల మీద 20 బై 20 టేపు వేయండి. రెండు గోడలు నిలబెడితే సరిపోతుంది, తలుపు ఉన్న గోడ, తల వైపు గోడ. 8 బై 4 ప్లైవుడ్ షీట్లు నిలువుగా పెడితే ఒక్కో గోడకి 5, మొత్తం 10. తలుపు చోట అసలు వెడల్పు ఖాళీ వదలండి, 5 అడుగులు. ప్లీనం హద్దుని పైన తాడు కట్టి చూపించండి. పెండెంట్‌కి జీఐ పైపు నిలబెట్టి, దానికి అడ్డంగా తిరిగే కర్ర కట్టండి, కంపెనీ చెప్పిన చేయి పొడవుకి కోసి. బీరువాలకి అట్టపెట్టెలు చాలు. కానీ టేబుల్, బాయిల్స్ మెషీన్, ట్రాలీలు, సి-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో వాడే చక్రాల ఎక్స్‌రే మెషీన్) అసలువే కావాలి. ఎందుకంటే చక్రం తిరగడానికి పట్టే చోటు అట్టతో తెలియదు.

తర్వాత కేసులు. కనీసం ఇవి చేయించండి: సి-ఆర్మ్‌తో ఎముక కేసు, లాప్ మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చిన కేసు, అత్యవసర సిజేరియన్, టేబుల్ మీద గుండె ఆగిన పేషెంటు, కరెంటు పోవడం, ఒక కేసు అయిపోయి రెండో కేసుకి గది కడగడం. ఒక్కోదానికి 20 నిమిషాలు. పైనుంచి ఒక ఫోన్‌తో వీడియో. ఒకరు కాగితం పట్టుకుని మూడింటినే లెక్కపెట్టాలి: ఎన్నిసార్లు ఒకరికొకరు తగిలారు, ఎన్నిసార్లు స్టెరైల్ ట్రాలీకి అడుగు లోపలికి వచ్చారు, ఎన్నిసార్లు తలుపు తీశారు.

సి-ఆర్మ్ కేసులో ఏం బయటపడుతుందో చూడండి. 20 అడుగుల గదిలో 2 అడుగుల వెడల్పు టేబుల్ నడిమధ్యన ఉంటే రెండు వైపులా 9 అడుగులు. గోడకి అడుగున్నర బీరువా బిగిస్తే మిగిలేది ఏడున్నర. సి-ఆర్మ్ పొడవే 6 అడుగుల పైన. టేబుల్ మీదికి తోసినప్పుడు సరిపోతుంది. ఎక్స్‌రే తీశాక వెనక్కి లాగినప్పుడు బీరువా తలుపు తెరవడం కుదరదు. ఇంప్లాంట్లు ఉన్నది ఆ బీరువాలోనే. ఇక సిస్టర్ గారు మెషీన్‌ని తోయించి, ఇంప్లాంట్ తీసి, మళ్ళీ తోయించాలి. బీరువాని గోడ లోపలికి దింపితే, లేదా ఇంప్లాంట్లని కాళ్ళ వైపు గోడకి మారిస్తే సమస్య పోతుంది. డ్రాయింగ్ మీద ఇది ఏ డాక్టర్ గారికీ కనపడదు.

#11 బయోమెడ్_విజయవాడ

కరెంటు విషయం మా నుంచి. థియేటర్‌కి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (షాక్ కొట్టకుండా థియేటర్ కరెంటుని మెయిన్ లైను నుంచి వేరుచేసేది) ఉండాలి. సింగిల్ ఫేజ్‌లో 10 కేవీఏ దాటనిది పెడతారు. దానికి ఇన్సులేషన్ మానిటర్ అలారం (కరెంటు లీకైతే మోగేది) ఉంటుంది. ఆ అలారం ప్యానెల్ని కారిడార్‌లో పెడతారు, ఎవరికీ వినపడదు. గది లోపల, ఫ్లోర్ సిస్టర్‌కి కనిపించేలా పెట్టించి, మోగితే ఏం చేయాలో వాళ్ళకి నేర్పించండి: చివరగా తగిలించిన పరికరం తీయాలి, మెయిన్ ఆపకూడదు. సి-ఆర్మ్‌కి ఐసొలేషన్ మీద కాకుండా వేరే సర్క్యూట్, వేరే రంగు సాకెట్. ఎవరో దాన్ని పెండెంట్ సాకెట్‌కి తగిలిస్తే ఓవర్‌లోడ్ అలారం మోగుతుంది.

ప్లగ్గులు ఎన్ని అన్నది టెక్నీషియన్లని అడిగితే సరైన సంఖ్య వస్తుంది. ఒక్కో పెండెంట్‌కి 8, గోడల మీద కనీసం రెండు చోట్ల నాలుగేసి. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పాకే థియేటర్‌కి కారణం ప్లగ్గుల సంఖ్య కాదు, అవి టేబుల్‌కి తప్పు వైపు ఉండటం. కాటరీ ఎటు నిలబడుతుందో అటు ఉండాలి.

స్టీలు ప్యానెళ్ళ గదిలో మొబైల్ సిగ్నల్ పడిపోతుంది. రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేయాలంటే తలుపు తీసుకుని బయటకి పోవాలి. ప్రతి గదిలో చేతులు వాడకుండా మాట్లాడే ఇంటర్‌కామ్ రాయించండి.

పైన థియేటర్లు కడుతూ ప్రాణం కింద పెట్టకండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. వాక్యూమ్ పంపులు, ఎయిర్ కంప్రెసర్, మెయిన్ ప్యానెల్, జనరేటర్ సెల్లార్‌లో వద్దు. వాటిని రోజూ చూసుకునే ప్లాంట్ ఆపరేటర్‌ని కూడా మీటింగుకి పిలవండి. వాన పడితే నీళ్ళు ఎటు నుంచి వస్తాయో ఆయనకే తెలుసు.

#12 ఇన్‌ఫెక్షన్_కంట్రోల్_నర్స్

తలుపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గది పక్క గది కంటే కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఒత్తిడిలో ఉండాలి. తలుపు బార్లా తెరిచిన క్షణంలో ఆ తేడా నిలవదు. లామినార్ ఫ్లోకి (టేబుల్ మీదికి ఒకే దిశలో దిగే శుభ్రమైన గాలికి) లక్షలు పెట్టి, తలుపు పది నిమిషాలకొకసారి తీస్తుంటే ఆ డబ్బు వృథా. ఎందుకు తీస్తున్నారన్నది స్టాఫ్‌కే తెలుసు.

మీ యాజమాన్యానికి ఇప్పుడు నడుస్తున్న థియేటర్ ఉంటే తలుపు బయట ఒక కాగితం అంటించండి. తీసిన ప్రతిసారీ ఒక గీత, పక్కన కారణం. ఒక వారం చాలు. దారం తేవడానికి, ఇంకో సైజు గ్లౌజు, మాప్‌లు, శాంపిల్ పంపడం, ఎవరో తొంగిచూడటం, స్టాఫ్ మారడం. ఎక్కువ గీతలు పడిన కారణమే మీ డిజైన్‌కి మొదటి పని. దారాలు, గ్లౌజులు అయితే గదికీ స్టెరైల్ స్టోర్‌కీ మధ్య గోడలో రెండు వైపులా తెరుచుకునే బీరువా. శాంపిళ్ళయితే పాస్ బాక్స్ (తలుపు తీయకుండా సామాను అందించే గోడలోని పెట్టె). తొంగిచూడటమైతే తలుపులో అద్దం, బయట కేసు ఏ దశలో ఉందో చూపే బోర్డు.

శుభ్రం చేసే ఆయమ్మలని డాక్టర్లతో కలిపి కూర్చోబెడితే ఒక్క మాట రాదు. వాళ్ళని విడిగా, పని చేసే చోటే, తెలుగులో అడగండి. 'ఎక్కడ గుడ్డ పట్టదు? ఎక్కడ వంగలేరు? బకెట్ నీళ్ళు ఎక్కడ పారబోస్తారు?' మూడు ప్రశ్నలే. పెండెంట్ పైభాగం చేతికి అందదనీ, జరిగే తలుపు పట్టా కింద మురికి చేరుతుందనీ, నేల తుడిచే మాప్ కడిగే సింకు దూరమై స్క్రబ్ సింకులోనే కడిగేస్తారనీ అప్పుడు తెలుస్తుంది. ఆ చివరిది చాలా ప్రమాదం. ప్రతి రెండు థియేటర్లకి ఒక మురికినీళ్ళ గది, అందులో లోతైన సింకు, మాప్‌లు ఆరేసే కొక్కేలు ఉండాలి. వినైల్ ఫ్లోరింగ్ గోడ మీదికి 4 అంగుళాలు గుండ్రంగా ఎక్కాలి. థియేటర్ లోపల నేలలో డ్రెయిన్ వద్దు.

#13 మత్తు_డాక్టర్

మీటింగ్ ఎలా నడపాలో కూడా ముఖ్యం. సీనియర్ సర్జన్ మొదట మాట్లాడితే తర్వాత అందరూ తలూపుతారు. క్రమం తిప్పండి. మొదట థియేటర్ బాయ్, తర్వాత టెక్నీషియన్, సిస్టర్లు, చివర మేము. మధ్యాహ్నం 2 గంటల డ్యూటీ మార్పు దగ్గర పెడితే రెండు షిఫ్టుల వాళ్ళూ దొరుకుతారు. 45 నిమిషాలు దాటకూడదు. నైట్ డ్యూటీ వాళ్ళని వదలకండి. రాత్రి ముగ్గురే ఉండి ఎమర్జెన్సీ చేసేటప్పుడు పగలు కనపడని లోటు కనిపిస్తుంది: స్ట్రెచర్ మీద నుంచి టేబుల్ మీదికి మార్చడానికి మనుషులు చాలరు, దూరం ఎక్కువైతే స్టోర్‌కి వెళ్ళేవాళ్ళు ఉండరు.

డ్రాయింగ్ చూపించాల్సి వస్తే 1:20 స్కేల్లో ప్రింట్ తీయండి. 20 అడుగుల గది కాగితం మీద సరిగ్గా అడుగు అవుతుంది. టేబుల్, ట్రాలీలు, డబ్బాలు అదే స్కేల్లో అట్ట ముక్కలుగా కత్తిరించి చేతికివ్వండి. 'అర్థమైందా' అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. ముక్కలు జరపమంటే వాళ్ళే సరిచేస్తారు.

#14 ఆర్కిటెక్ట్_సూర్యారావుపేట

స్ట్రెచర్ మాట వచ్చింది కాబట్టి: థియేటర్ బాయ్‌లని కారిడార్ మలుపులో నిజం స్ట్రెచర్ తిప్పమనండి, డ్రిప్ స్టాండుతో, ఇద్దరు మనుషులతో. కారిడార్ 8 అడుగులు ఉంచండి. గోడ వెంబడి ఖాళీ స్ట్రెచర్లు, సిలిండర్ ట్రాలీ పెట్టే అలవాటు ఎలాగూ ఉంటుంది. వాటికి విడిగా గూడు గీస్తే తప్ప 8 అడుగులు 5 అవుతాయి.

#15 బెజవాడ_ప్రాజెక్ట్

అందరికీ చాలా కృతజ్ఞతలు. సెల్లార్ ఖాళీగానే ఉంది, ఈ ఆదివారం టేపు వేయిస్తున్నాం. సెంటరింగ్ రెండు వారాలు ఆపమని కాంట్రాక్టర్‌కి చెప్పాం. గైనిక్ థియేటర్‌ని, లేబర్ రూముని ఒకే అంతస్తుకి తేవచ్చేమో ఆర్కిటెక్ట్ చూస్తున్నారు. ఏహెచ్‌యూలు నాలుగు విడివిడిగా అడుగుతున్నాం. రెండు సందేహాలు. నాలుగు గదులకీ మాకప్ వేయాలా? ఎంతకాలం ఉంచాలి?

#16 థియేటర్_ఇన్‌ఛార్జ్_గుంటూరు

రెండు చాలు సర్. కీళ్ళ గది ఒకటి, గైనిక్ గది ఒకటి. జనరల్ గదులు ఈ రెండింటి మధ్యలో తేలిపోతాయి, లాప్ టవర్‌ని మాత్రం కీళ్ళ గది మాకప్‌లో పెట్టి రెండు వైపులా మార్చి చూడండి. నాలుగు గదుల్లోనూ తల ఒకే వైపు, బీరువాలు ఒకే క్రమం ఉంచండి. పక్క గది నుంచి సహాయానికి వచ్చిన సిస్టర్ ఎమర్జెన్సీ మందు కోసం వెతుక్కోకూడదు.

ఎంతకాలం అంటే, పెండెంట్ల ఆర్డర్ మీద సంతకం అయ్యేదాకా టేపు తీయకండి. కంపెనీ వాళ్ళు కొలతలకి వచ్చినప్పుడు వాళ్ళనే అందులో నిలబెట్టి చేయి పొడవు ఖరారు చేయించండి. తర్వాత ప్లైవుడ్ తీసేయవచ్చు. వీడియో, లెక్క రాసిన కాగితాలు మాత్రం ఏసీ వాళ్ళకి, ఎలక్ట్రికల్ వాళ్ళకి ఒక్కో కాపీ ఇవ్వండి. గ్రిల్స్, ప్లగ్గులు వాళ్ళు వాటిని చూసే గీయాలి.